భాష నేర్చుకునే ఏళ్లకు ఫెలోషిప్ ఇవ్వండి

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మెకు దిగారు. సమ్మె విరగ్గొట్టడానికి కంపెనీలు బర్మా కూలీలను దించాయి. తర్వాత రాజీ కుదిరి తెలుగువాళ్లు మళ్లీ పనిలోకి రావడంతో బర్మావాళ్లను పొమ్మన్నారు. గొడవ అక్కడ రేగింది. రోజుల తరబడి సాగిన ఆ మారణకాండలో వంద మందికి పైగా చనిపోయారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి ఓడెక్కి ‘రంగం’ పోయి, బియ్యం బస్తాలు మోసిన మనవాళ్లే వాళ్లలో ఎక్కువమంది.

ఈ చరిత్రను ఒక తెలుగు విద్యార్థి రాయాలనుకున్నాడనుకుందాం. బ్రిటిష్ ప్రభుత్వ ఫైళ్లు ఇంగ్లీషులో ఉన్నాయి. కానీ అవి మాత్రమే చదివి రాస్తే అది పోలీసు కథ అవుతుంది. పని పోగొట్టుకున్న బర్మా కూలీ ఏమనుకున్నాడో, అక్కడి పత్రికలు తెలుగువాళ్ల గురించి ఏం రాశాయో తెలియాలంటే బర్మీస్ రావాలి. ఆ భాష, ఆ లిపి నేర్చుకుని పాత పత్రికలు చదివే స్థాయికి రావాలంటే తక్కువలో తక్కువ రెండేళ్లు. ఆ రెండేళ్లు వాడికి అన్నం ఎవరు పెడతారు?

యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టినవాడికి 2023 నుంచి నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు. బాగానే ఉంది. కానీ గడియారం మొదటి రోజు నుంచే తిరుగుతుంది. ఆరు నెలలకోసారి ప్రోగ్రెస్ రిపోర్టు పెట్టాలి, గైడ్ సంతకం కావాలి. “రెండేళ్లుగా అక్షరాలు దిద్దుతున్నాను సార్” అని ఆ రిపోర్టులో రాయగల ధైర్యం ఏ విద్యార్థికి ఉంటుంది? హ్యుమానిటీస్ వాళ్లకు మొదటి రెండేళ్లు కంటింజెన్సీ కింద ఇచ్చేది ఏడాదికి పది వేలు. మెకంజీ కైఫీయతులు, అంటే పాత ఊళ్ల చరిత్రలు, చూడటానికి చెన్నై వెళ్లి నాలుగు రోజులు లాడ్జిలో ఉండి, కాపీలు తీయించుకుంటే అందులో సగం హరీ. రంగూన్ మాట దేవుడెరుగు.

జేఆర్ఎఫ్ రానివాడి సంగతి ఇంకా ఘోరం. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంటే నెలకు ఎనిమిది వేలు. 2015లో ఆ కాస్తా ఎత్తేయాలని చూస్తే దేశమంతా పిల్లలు రోడ్డెక్కి నిలబెట్టుకున్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ లేదు. పొద్దున ఏదో కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీ, సాయంత్రం కోచింగ్ సెంటర్, రాత్రి థీసిస్. ఇచ్చే డబ్బైనా సమయానికి రాదు. హాస్టళ్లలో పొద్దున్నే వినపడే మాట “ఫెలోషిప్ పడిందా?” హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్యకు ముందు రాసిన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ బకాయి ప్రస్తావన ఉంది. ఆ వాక్యం చదివాక కూడా నెలనెలా డబ్బు వేయడం నేర్చుకోని వ్యవస్థను క్షమించడం నావల్ల కాదు.

ఇప్పుడు అమెరికా వైపు చూడండి. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ఎగరేసింది. ఆ భయంతో 1958లో ఐసెన్‌హోవర్ జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చాడు. అందులోని టైటిల్ సిక్స్ నుంచే ఆసియా భాషలు నేర్చుకునే విద్యార్థులకు ఫెలోషిప్‌లు పుట్టాయి. అది మన మీద ప్రేమతో పెట్టింది కాదు, శత్రువునూ మిత్రుడినీ కనిపెట్టి ఉండటానికి పెట్టింది. అయినా అందులో ఒక గొప్ప సంగతి ఉంది. భాష నేర్చుకోవడమే పనిగా లెక్కగట్టి దానికి డబ్బిచ్చారు. ‘ఫ్లాస్’ అని పిలిచే ఆ ఫెలోషిప్‌లో షరతే అది: భాషా తరగతిలో కూర్చోవాలి.

ఫలితం మన కళ్ల ముందే ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1971 నుంచి వెల్చేరు నారాయణరావు తెలుగు చెప్పారు. అమెరికా గోధుమలకు మనం కట్టిన రూపాయలతో 1962 నుంచి మన పుస్తకాలు కొని అమెరికా లైబ్రరీలకు పంపారు. అక్కడి పరిశోధకుడు జీన్ రోగేర్ పల్నాడు వచ్చి అలిశెట్టి గాలెయ్య పాడిన వీరకథను రికార్డు చేసి, అనువదించి 1982లో పుస్తకం వేశాడు. సింథియా టాల్బట్ కాకతీయుల కాలపు శాసనాలను వందల కొద్దీ చదివి, ఆ సమాజంలో ఎవరు దానాలిచ్చారో, ఎవరు ఎటు కదిలారో లెక్కలు తీసి 2001లో పుస్తకం తెచ్చింది. మనవాళ్లు చేయలేదని కాదు. తంగిరాల వెంకట సుబ్బారావు వీరగాథల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కానీ మనవాళ్లు చేసినదంతా ఇంటి ఖర్చు కోసుకుని, ఉద్యోగం చేసుకుంటూ, సెలవుల్లో చేసినది. దాన్ని త్యాగమని పొగిడి చేతులు దులుపుకోవడం మనకు అలవాటైపోయింది.

2025 సెప్టెంబరులో అమెరికా విద్యాశాఖ ఆ ఫెలోషిప్‌ల డబ్బు ఆపేసింది. చదువు మధ్యలో ఉన్నవాళ్లు వీధిన పడ్డారు. ఇలాంటి కోతల్లో ముందు పోయేది చైనీస్, జపనీస్ కావు. తరగతిలో నలుగురైదుగురుండే తెలుగు లాంటి భాషలే. మన వైపు నుంచి గట్టిగా ఒక్క గొంతూ లేవలేదు. మన చరిత్రను చదివించే బాధ్యత ఇంకో దేశపు రక్షణ ఆలోచనకు అప్పగించి ఆరున్నర దశాబ్దాలు హాయిగా నిద్రపోయాం కదా!

హైదరాబాద్‌లో ఉస్మానియా ఆవరణలోనే 1964లో అమెరికా అధ్యయనాల పరిశోధన కేంద్రం పెట్టించుకున్నారు అమెరికావాళ్లు. వాళ్లను వాళ్లు మనచేత చదివించుకున్నారు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉంది. ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో జపనీస్, కొరియన్, పారశీకం చెబుతారు. అంటే గోడలున్నాయి, బోర్డులున్నాయి. ఆ భాష నేర్చుకున్న పిల్లను కంపెనీ అనువాద ఉద్యోగానికి పోకుండా ఐదేళ్లు చరిత్రలో నిలబెట్టే డబ్బే లేదు. ఆ పిల్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

నాగార్జునకొండ శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక తంబపణ్ణి, అంటే సింహళ, భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించినట్టు ఉంది. ఆ భిక్షువులు ధర్మం చాటిన దేశాల పేర్లలో కాశ్మీరం, గాంధారం, చీనా ఉన్నాయి. కృష్ణ ఒడ్డున రాయి మీద ఆసియా పటం ఉంది! దాన్ని పూర్తిగా చదవాలంటే ప్రాకృతంతో పాటు పాళీ, సింహళం, చైనీస్ తెలిసినవాళ్లు ఒక చోట కూర్చోవాలి. గోల్కొండ చరిత్రకు పారశీకం కావాలి. మచిలీపట్నం అద్దకం బట్టల కథకు డచ్చి కావాలి. ఇవి పండితుల సరదాలు కావు, మన ఊళ్ల దస్తావేజులు.

“ఇవి చదివితే ఉద్యోగం వస్తుందా?” అని అడిగేవాళ్లున్నారు. ఉద్యోగం రాకపోవడానికి కారణం ఆ చదువు కాదు, విశ్వవిద్యాలయాల్లో పోస్టులు నింపకపోవడం. ప్రవాస తెలుగువాళ్లకూ ఒక మాట. హార్వర్డ్‌లో తమిళ పీఠానికి తమిళులు 60 లక్షల డాలర్లు పోగుచేశారు. తమిళనాడు ప్రభుత్వం పది కోట్లిచ్చింది. ఎమరీలో తెలుగు పీఠానికి మన కుటుంబం ఒకటి ముందుకొచ్చింది, మంచిదే. కానీ పీఠంలో ఒక ప్రొఫెసర్ కూర్చుంటారు. ఎదురుగా కూర్చునే విద్యార్థి ఎలా బతకాలి? మహాసభలకు తారలను దింపే ఖర్చులో కొంత ఇటు మళ్లించండి.

ప్రభుత్వాలను కోట్లు అడగడం లేదు. నెలకు 42 వేల చొప్పున పది మందికి ఏడాదికి 50 లక్షల 40 వేలు. మొదటి రెండేళ్లు భాషకే. ఆ రెండేళ్లలో అధ్యాయం రాయమని ఎవరూ అడగకూడదు. ఆ భాష మాట్లాడే దేశంలో ఒక ఏడాది, దాని ఖర్చు వేరే. డబ్బు ప్రతి నెలా ఐదో తేదీలోపు ఖాతాలో పడాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ వచ్చే బడ్జెట్‌లోనే చెరో పద్దు పెట్టాలి. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో ఆర్థిక మంత్రులు శాసనసభలో లేచి చెప్పాలి.