లబ్ధిదారు అనే మాట మీద నా అభ్యంతరం

సంధులలో మిగిలిన భాగం ఈ వారం వ్రాస్తానని క్రిందటి టపాలో మాట ఇచ్చాను. మిత్రులు మన్నించాలి. ఒక మాట గొంతుకు అడ్డం పడి కూర్చుంది. దానిని దింపుకోనిదే నాకు ఏ సంధీ కుదిరేటట్టు లేదు.

మొన్న తెల్లవారుజామున పాలకోసం పెందుర్తి కూడలికి వెళ్ళాను. తాపీపనివారు, కూలీలు పొద్దున్నే అక్కడ పనికోసం నిలబడి ఉంటారు. శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వలస వచ్చినవారే ఎక్కువ. వారిలో ఒకడు ముందుకు వచ్చి “మాస్టారూ, బాగున్నారా?” అన్నాడు. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడు. ఎక్కడుంటున్నావురా అంటే, సుజాతానగర్ వైపు కడుతున్న ఒక అపార్టుమెంటు సెల్లారులో, భార్యాపిల్లలతో అన్నాడు. మరి ఆ భవనం పూర్తయితే? “ఇంకో సెల్లారు సూసుకోడమే మాస్టారూ!” అని నవ్వి, సెల్‌ఫోనులో ఒక కాగితం బొమ్మ చూపించాడు. సబ్బవరం అవతల అతని భార్య పేరిట వచ్చిన ఇంటిస్థలం పట్టా. ఆమె పేరు దగ్గర ‘లబ్ధిదారు’ అని ఉంది.

లబ్ధి అంటే పొందడం. లాభమూ ఆ ధాతువునుంచి పుట్టినదే. (లోభానికి ధాతువు వేరు, పోలిక చూసి మోసపోకండి.) సంస్కృత పదానికి పారసీక ప్రత్యయం తగిలించారని నాకు పేచీ లేదు, భాష అట్లాగే బ్రతుకుతుంది. నా పేచీ అర్థంతోనే. ఇదే మనిషి పోరంబోకులో పాక వేసుకుంటే ‘ఆక్రమణదారు’. ఎన్నికల ముందు కాగితం అందుకుంటే ‘లబ్ధిదారు’. ‘హక్కుదారు’ అని మాత్రం ఏ ప్రభుత్వమూ అతనిని పిలవలేదు. ఇచ్చేది దానమయితే దాత ఇష్టం, ఎప్పుడిచ్చినా, ఎక్కడిచ్చినా, ఎంతిచ్చినా. తీర్చేది ఋణమయితే అట్లా కుదరదు. ఆ తేడాను దాచిపెట్టడానికే ఈ మాట పనికి వస్తున్నది.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. జీవించే హక్కులోనే తలదాచుకునే హక్కు ఉన్నదని చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. నాలుగు గోడలతో సరిపెట్టలేదు కూడ. చాలినంత చోటు, గాలి, వెలుతురు, నీరు, పారిశుద్ధ్యం, రోజువారీ వృత్తికి సులువుగా చేరే దారి కలిస్తేనే ఆశ్రయమని వివరించింది. ఆ చివరి మాటను దయచేసి గుర్తు పెట్టుకోండి.

మన రాష్ట్రంలో గృహనిర్మాణ సంస్థ 1979లో పుట్టింది. 1980లలో పక్కా ఇళ్ళన్నారు, 2006లో ఇందిరమ్మ ఇళ్ళన్నారు, ఆపైన టిడ్కో ఇళ్ళన్నారు, 2020లో నవరత్నాలన్నారు. ఢిల్లీవారు 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన పెట్టి 2022కల్లా అందరికీ ఇల్లు అన్నారు. ఆ గడువు దాటింది, పొడిగించారు, 2024లో రెండవ విడత మొదలుపెట్టారు. ఇల్లు ఎవరిదైనా పేరు మాత్రం ఏలినవారిది. ప్రభుత్వం మారగానే వెనుకటివారి పేరున్న గోడలు సగంలో ఆగిపోవడం మన జిల్లాల్లో చూడనివారెవరు?

ఇక విశాఖ సంగతి. 2020 జనవరిలో 72వ నంబరు జీవో ఇచ్చి, మా పెందుర్తితో సహా పది మండలాలలో 6,116 ఎకరాలు సమీకరించబోయారు. ఎవరి భూములవి? డి-పట్టా రైతులవి, ఏళ్ళ తరబడి జీడితోటలు పెంచుకొని బ్రతుకుతున్నవారివి. ఎకరా డి-పట్టా భూమి ఇచ్చినవారికి అభివృద్ధి చేసిన 900 గజాలు తిరిగి ఇస్తామన్నారు. ఎకరానికి 4,840 గజాలని లెక్కలు రాని తెలుగు పండితుడికి కూడ తెలుసు. ఒక పేదవాని తోట తీసి మరొక పేదవానికి ఇంటిస్థలం! నగరం నడిబొడ్డున ధర పెరిగేదాకా బీడు పెట్టుకున్న పెద్దవారి స్థలాల జోలికి ఈ సమీకరణ పోలేదు.

వ్యాజ్యాలు తేలి, 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో పట్టాలు పంచారు. పట్టణవాసికి ఒక సెంటు, అంటే 48 గజాలు. ఇరవై రెండడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. నేను పాఠాలు చెప్పిన గది ఇంచుమించు అంతే. ఇల్లు కట్టుకోవడానికి లక్షా ఎనభై వేలు. ఆ సొమ్ముతో ఇల్లు లేస్తుందేమో ఏ మేస్త్రీనైనా అడగండి. నా శిష్యుడే మేస్త్రీ. పునాది దగ్గరే లెక్క ఆపేశాడు. 2024లో వచ్చిన ప్రభుత్వం పట్టణంలో రెండు సెంట్లు, గ్రామంలో మూడు అంటున్నది. మంచిదే. కాని దూరాన్ని సెంట్లతో కొలవలేము. హార్బరులో చేపల బుట్ట మోసే మనిషి పాతిక కిలోమీటర్లు దాటి వచ్చి తెల్లవారుజామున పనిలో దిగాలంటే ఏ బస్సు ఎక్కాలి? సుప్రీంకోర్టు చెప్పిన ఆ చివరి మాట ఇక్కడే తలవంచుకున్నది.

“ఇచ్చిన స్థలాలు అమ్ముకుంటారండీ” అని నాతో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రులే అంటారు. పని ఒకచోట, స్థలం మరొకచోట అయితే అమ్ముకోక ఏం చేస్తారు? “ఎంతమందికని ప్రభుత్వం కట్టిస్తుంది?” అనికూడ అంటారు. అయ్యా, ఉద్యోగం చేసినన్నాళ్ళు నేను ప్రతి నెలా ఇంటి అద్దె భత్యం తీసుకున్నాను. ఇంటి అప్పుకు వడ్డీ కట్టినందుకు ఆదాయపు పన్నులో మినహాయింపు పొందాను. మీరూ పొందారు. నన్నెవరూ లబ్ధిదారు అనలేదు, నా ఫోటో తీయలేదు, ఎవరి పాదాలకూ నాచేత మొక్కించలేదు. నాకది సర్వీసు నిబంధన. అతనికి మాత్రం అది ఔదార్యమట!

చేయదలచుకుంటే చేతకాదా? ఉక్కు కర్మాగారం కట్టినపుడు ఉద్యోగులకు ఉక్కునగరం కూడ కట్టారు. దానికోసం అరవైకి పైగా గ్రామాలు లేచిపోయాయన్నది వేరే కథ, మరొకసారి వ్రాస్తాను. సింగపూరు మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. 1960లో అక్కడ గృహనిర్మాణ మండలి పెట్టారు, నేడు పదిమందిలో ఎనిమిదిమంది దాకా అది కట్టిన ఇళ్ళలోనే ఉంటున్నారు. మనకు ఇళ్ళే లేవా అంటే, అదీ కాదు. 2012లో కేంద్రం నియమించిన నిపుణుల బృందం పట్టణాలలో ఒక కోటీ 87 లక్షల ఇళ్ళు తక్కువని తేల్చింది. ఆ కొరత దాదాపుగా పేదలదీ, స్వల్పాదాయం వారిదీ. 2011 జనాభా లెక్కలలోనేమో పట్టణాలలో కోటీ పదిలక్షల ఇళ్ళు ఖాళీగా తాళాలు వేసి ఉన్నాయి. ఆ ఏడే 17 లక్షల 70 వేలమందిని నిరాశ్రయులుగా లెక్కించారు. నా శిష్యుడు ఆ లెక్కలోకి రాకపోవచ్చు. తలపైన స్లాబు ఉంది కదా!

అతనికి కావలసినది సబ్బవరం అవతలి సెంటు కాదు, పని దొరికే చోట తక్కువ అద్దెకు ఒక గది. సొంత ఇల్లు తప్ప అద్దె ఇల్లు కట్టించే ఆలోచన మన ప్రభుత్వాలకు దాదాపు లేదు. 2020లో వలసకూలీలు పిల్లలను చంకనెత్తుకొని రోడ్లవెంట నడిచాక కేంద్రం అద్దె ఇళ్ళ పథకం ఒకటి ప్రకటించింది. అద్దె ఇంటికి తాళాలగుత్తి చేతికిచ్చే సభ ఉండదు, గోడమీద పేరు ఉండదు. అందుకే ఎవరికీ దానిమీద మనసు పోదు.

అదీ లేనివారికి రాత్రి ఆశ్రయాలు. పట్టణ జనాభాలో ప్రతి లక్షకూ నూరుమంది పడుకునే శాశ్వత ఆశ్రయం ఉండాలని కేంద్రప్రభుత్వ నిబంధన. మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో 2011 నాటికే జనాభా 17 లక్షలు దాటింది కనుక, ఆనాటి లెక్కకే పదిహేడు కావాలి. ఎన్ని ఉన్నాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎందరు పడుకుంటున్నారు, పెందుర్తి వైపు ఏది అని సమాచారహక్కు చట్టం క్రింద దరఖాస్తు వ్రాసి పెట్టుకున్నాను. చివరి ప్రశ్న పట్టాలు పొంది ఇల్లు కట్టుకోలేకపోయినవారి సంఖ్య గురించి. అక్కడ ‘లబ్ధిదారులు’ అని వ్రాయబోయి కొట్టివేసి ‘హక్కుదారులు’ అని వ్రాశాను. గుమాస్తాగారికి అర్థం కాకపోతే ఎదురుగా కూర్చొని చెబుతాను, ముప్పై ఏళ్ళు చేసిన పని అదే కదా. సోమవారం పది రూపాయల స్టాంపు అంటించి ఇచ్చి వస్తాను. సంధులు ఆ పై వారం.