చెరనుండి వచ్చు జాబు

1971 డిసెంబరు 16వ తేదీన ఢాకాలో ఆయుధములు విడిచిన పాకిస్తాను సైనికులును, వారితోబాటు చిక్కిన పౌరులును కలసి సుమారు 93,000 మంది భారతదేశపు శిబిరములకు తరలింపబడిరి. వానిలో రాంచీ, రామగఢ శిబిరములు మన జంషెడ్‌పూరునకు కొన్ని గంటల ప్రయాణదూరముననే యుండెను. రామగఢమునకు పరదేశపు బందీలు క్రొత్త కారు. రెండవ ప్రపంచయుద్ధమున ఇటలీ సైనికులును అచ్చట చెరనుండిరి. ఢాకా బందీలలో కడపటివారు స్వదేశము చేరునప్పటికి 1974 ఏప్రిలు నెల కడకు వచ్చినది. అంతకాలమును వారి ఇండ్లకు దిక్కైనది జాబు.

ఆ జాబు గెలిచినవాని దయవలన వచ్చునది కాదు. బందీ శిబిరము చేరిన వారము దాటకుండ, తాను బ్రతికియున్నాననియు, తన ఆరోగ్యమిట్టిదనియు, తనకు వ్రాయవలసిన చిరునామా యిదియనియు తెలుపు కార్డును ఇంటికి పంపుకొను వీలు కల్పింపవలెనని 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందపు 70వ అధికరణము శాసించుచున్నది. ఉత్తరములకు పరిమితి విధింపక తప్పనిచో అది నెలకు రెండు జాబులకును నాలుగు కార్డులకును తగ్గరాదని తరువాతి అధికరణము చెప్పుచున్నది. వీనికి తపాలా రుసుము సైతము లేదు. ఒకరినొకరు చంపుకొనుచున్న రాజ్యములు ఇట్టి నియమమునకు ఎట్లు తలయొగ్గినవన్నచో, ఇరువైపుల చెరలలోను ఇరువైపుల బిడ్డలుందురు గనుక. 1914లో జెనీవాయందు వెలసిన యుద్ధబందీల సంస్థలో సుమారు ఇరువది లక్షలమంది జాడను నమోదు చేయుటకు రోమా రోలా వంటి మహారచయితయు స్వచ్ఛందముగా కూర్చుండి చాకిరి చేసెను.

జాడ తెలియని ఇంటి వేదన మరణవార్త విన్న ఇంటి వేదనకంటె వేరైనది. ముడుపు కట్టవలెనో, కర్మ చేయవలెనో నిశ్చయింపలేక ఏండ్లు గడుపుటకంటె ఘోరమేమున్నది? 1971 యుద్ధమున కానరాకపోయిన 54 మంది భారతసైనికులు పాకిస్తాను చెరనుండిరని వారి కుటుంబములు నేటికిని నమ్ముచున్నవి, పాకిస్తాను కాదనుచున్నది.

ఐతే నా ప్రధానమైన ఆవేదన వేరొకటి. జంషెడ్‌పూరు తెలుగువారమైన మనలో పెక్కుమంది తాతలు ఇచ్చటి టాటావారి కర్మాగారమున పనికై శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి వచ్చినవారు. మనియార్డరు ఫారము అడుగున వ్రాసిన రెండు ముక్కలకై ఊరిలో ఎదురుచూచిన ముసలివారిని ఎరిగిన కుటుంబములు మనవి. ఆ ప్రాంతముల తీరమునుండియే గుజరాతులోని వేరావలునకు వలసపోయి, అచ్చటి పడవలపై వేటకేగిన ఇరువదిమందికి పైగా జాలరులను 2018 చివర పాకిస్తాను పట్టుకొని కరాచీ చెరలో నుంచినది. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చిరి. వారు యుద్ధబందీలు కారు. కానందుననే జెనీవా కార్డు వారికి లేదు. భారత పాకిస్తానములు 2008 మే 21న చేసికొన్న ఒప్పందము ప్రకారము నిర్బంధితునికి తన దేశపు దౌత్యాధికారిని కలిసికొను అవకాశము మూడు నెలలలోపల కలుగవలెను. తుపాకి పట్టి వచ్చినవానికి వారము, వలపట్టి వచ్చినవానికి మూడు నెలలు! ఈ వ్యత్యాసమును ఏ న్యాయమును సమర్థింపజాలదు.

గూఢచారుల భయముచేత జాబులకు అనుమతినీయలేమని భద్రతాధికారులు పలుకవచ్చును. జెనీవా నియమములును జాబులను పరిశీలించుటకు అనుమతించినవి. యుద్ధమధ్యమున చాలిన ఆ జాగ్రత్త శాంతికాలమున చాలకపోవునా? ఏటేట జనవరి 1న, జూలై 1న ఉభయదేశములు ఖైదీల జాబితాలను మార్చుకొనుచునే యున్నవి. ఆ జాబితాలతోబాటు ప్రతి ఖైదీ స్వహస్తముతో వ్రాసిన, వ్రాయనేరనివాడైనచో వేరొకనిచేత వ్రాయించిన కార్డునుగూడ మార్చుకొనవలెననియు, పట్టుబడిన వారములోపల తొలికార్డు పోవలెననియు 2008 ఒప్పందమునకు ఒక నిబంధనను చేర్చుట దుష్కరము కాదు. పాకిస్తాను సమ్మతికై వేచియుండ నక్కరయు లేదు: మన జైళ్లలోని పాకిస్తాను జాలరులకు ఈ హక్కును మనమే ముందుగా ఇచ్చి, పిమ్మట శ్రీకాకుళపు బిడ్డల కొరకు దానినే అడుగవలెను.