జిర్కాటాంగ్ వద్ద దిగవలసిన సైకిలు

అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ఉత్తరానికి బయలుదేరిన సైకిలు యాత్రికుడు జిర్కాటాంగ్ తనిఖీ కేంద్రం వద్ద దిగిపోవాలి. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా దాదాపు 50 కిలోమీటర్లు జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం. ఆ దారిలో తొక్కుకుంటూ వెళ్ళడానికి వీల్లేదు. సైకిలును బస్సుకు అప్పగించి, తానూ ఒక ప్రయాణికుడిగా కూర్చుని ఆ అడవిని దాటాలి. ఈ నిబంధనలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. నెమ్మదిగా వెళ్ళేవాడు ఆగుతాడు, ఆగినవాడు కలుస్తాడు, ఆ కలయిక వల్ల జారవాలకు జబ్బులు సోకవచ్చు. అయితే అదే గేటు ముందు, అదే వేకువ వేళ, బారాటాంగ్ సున్నపురాతి గుహలు చూడబోయే పర్యాటకుల వాహనాలు బారులు తీరి ఉంటాయి. పోలీసు కాపలాతో, కాన్వాయ్‌గా, వాటికి గేటు తెరుచుకుంటుంది. పొగా చప్పుడూ లేని సైకిలును అడవి క్షేమం కోసం ఆపగలిగిన ప్రభుత్వం, విహారానికి వచ్చిన ఇంజన్లను ఎందుకు ఆపలేకపోతున్నది?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1970లలో నిర్మాణం పుంజుకున్న ఈ రోడ్డును జారవాలు తొలి నుంచీ ప్రతిఘటించారు. 1990ల చివరి దాకా బయటివారిని దగ్గరికి రానివ్వని ఆ సమూహం, రాకపోకలు మొదలైన కొద్దికాలానికే 1999లో తట్టువ్యాధి బారిన పడింది. 2006లో ఆ వ్యాధి మళ్ళీ వచ్చింది. 2011 జనగణన ప్రకారం జారవాల సంఖ్య 380. ఇంత చిన్న సమూహానికి ఒక్క అంటువ్యాధి చాలు. శేఖర్ సింగ్ కమిషన్ సిఫార్సుల మేరకు, రక్షిత ప్రాంతంలో ఈ రోడ్డును మూసివేయాలని సుప్రీంకోర్టు 2002 మే నెలలోనే ఆదేశించింది. రెండు దశాబ్దాలు దాటినా రోడ్డు మూతపడలేదు. జారవా స్త్రీల చేత పర్యాటకుల ముందు నాట్యం చేయించిన దృశ్యాలను 2012 జనవరిలో ఒక బ్రిటిష్ పత్రిక బయటపెట్టినప్పుడు దేశం తలదించుకుంది. మరుసటి ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు పర్యాటకుల రాకపోకలను నిషేధించింది. కొన్ని వారాలకే ఆ నిషేధం తొలగింది, కాన్వాయ్ మళ్ళీ కదిలింది.

పేర్లు మార్చడంలో మాత్రం ఎక్కడా జాప్యం లేదు. 2018 డిసెంబరులో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీపం అయింది, నీల్ షహీద్ ద్వీపం అయింది. 2021లో మౌంట్ హారియట్ మౌంట్ మణిపూర్‌గా మారింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. వలస పాలన గుర్తులు చెరిపేయడం మంచిదే. కానీ దీవుల ఆదిమ యజమానుల భూమిని ఇతరుల అవసరాలకు వాడుకోవడమే వలస పాలన అసలు గుర్తు. అది బోర్డు మార్చినంత మాత్రాన చెరగదు.

రోడ్డు మూస్తే రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్ ప్రజల గతి ఏమిటన్న ఆక్షేపణ సహేతుకమైనది. దీవుల రాజధానిలోని జి.బి. పంత్ ఆసుపత్రికి చేరవలసిన రోగి ఓడ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేడు. కూరగాయలు, మందులు, విద్యార్థులు, ఉద్యోగులు ఈ దారినే నమ్ముకున్నారు. వారి అవసరాన్ని తీసిపారేసి పర్యావరణం గురించి మాట్లాడటం ఢిల్లీ గదులలో కూర్చున్నవారి విలాసం. కానీ దీవుల నివాసి ప్రయాణమూ, పర్యాటకుడి ప్రయాణమూ ఒకటి కావు. మొదటిది జీవనం, రెండవది వినోదం. వినోదానికి సముద్ర మార్గం చాలు. నివాసుల కోసం నమ్మదగిన ఓడలు, రోజూ నడిచే పడవలు పెంచిన కొద్దీ రోడ్డు మీద భారం తగ్గుతుంది. ఈ రెండింటినీ ఒకే కాన్వాయ్‌లో కలిపి, స్థానికుల అవసరాన్ని పర్యాటక వ్యాపారానికి కవచంగా వాడుకోవడమే ఇంతకాలం జరుగుతున్న రాజకీయం.

సైకిలు ప్రసక్తి ఇక్కడే అవసరమవుతుంది. బారాటాంగ్ దాటాక సైకిలు మళ్ళీ రోడ్డెక్కుతుంది. రంగత్ దగ్గర ధనీనల్లా మడ అడవుల మధ్య చెక్క వంతెన, కత్‌బర్ట్ బే వద్ద తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక తీరం, ఆస్టిన్ జలసంధి వంతెన, చివరికి దిగ్లీపూర్. అక్కడ 732 మీటర్ల శాడిల్ పీక్, దాని నీడలో నాలుగు జాతుల సముద్ర తాబేళ్ళు ఒడ్డుకు వచ్చే కాలీపూర్ తీరం. దక్షిణాన చిడియాటాపు వైపు వెళితే, 2004 సునామీ తర్వాత ఉప్పునీట మునిగి పక్షుల విడిదిగా మారిన సిప్పీఘాట్ పొలాలు కనబడతాయి. కారులో వెళ్ళేవాడు రాజధానిలో తిని గుహల దగ్గర దిగుతాడు. సైకిలు మీద వెళ్ళేవాడు ప్రతి ముప్పై నలభై కిలోమీటర్లకూ ఒక ఊరిలో ఆగాలి, టీ తాగాలి, భోజనం చెయ్యాలి, రాత్రికి ఒక గది వెతుక్కోవాలి. అతని డబ్బు హోటల్ గొలుసులకు కాక దారి పొడవునా పంచబడుతుంది. నీల్ దీవి దీనికి సిద్ధంగా ఉన్న ఉదాహరణ. తూర్పు బెంగాల్ శరణార్థులు సాగులోకి తెచ్చిన ఆ చిన్న దీవిలో భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్ తీరాలన్నీ అద్దె సైకిలు మీద ఒక్క రోజులో చూడవచ్చు. అంత చిన్న నేలకు ఎన్ని వాహనాలు కావాలి, ఎన్ని గదులు కావాలి, ఎంత మంచినీరు ఉంది అన్న లెక్క లేకుండా సాగే పర్యాటకం ఆ దీవినే తినేస్తుంది.

ఇదంతా ఎక్కడో దూరపు గొడవ అని తెలుగువారు అనుకోవడానికి వీల్లేదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. వారిలో 13 శాతానికి పైగా మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలల మూటలతో ఓడ ఎక్కిన మత్స్యకారుల వారసులు వారు. శాసనసభ లేని, ఒకే ఒక్క లోక్‌సభ స్థానం ఉన్న ఆ దీవులలో వారి ఓటుకు విలువ ఉందని తెలుగు పార్టీలు గ్రహించాయి. 2022 పురపాలక ఎన్నికలలో తెలుగుదేశం రెండు వార్డులు గెలిచింది. మరుసటి ఏడాది బీజేపీ మద్దతుతో అధ్యక్ష పదవినీ చేపట్టింది. ఓట్లు అడిగే హక్కు ఉన్నప్పుడు, ఆ నేల భవిష్యత్తు గురించి మాట్లాడే బాధ్యతా ఉంటుంది.

ఆ భవిష్యత్తు ఇప్పుడు గ్రేట్ నికోబార్ వద్ద తేలుతున్నది. రేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణం కలిపి 166 చదరపు కిలోమీటర్లలో తలపెట్టిన ఆ ప్రాజెక్టుకు మొదట చెప్పిన ఖర్చు 72,000 కోట్ల రూపాయలు. అందుకోసం మళ్ళించే అడవి 130 చదరపు కిలోమీటర్లు. నరకవలసిన చెట్లు 9.64 లక్షలని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. పరిహారంగా మొక్కలు నాటడానికి ఎంచుకున్న చోటు హర్యానా. తోలు వీపు తాబేళ్ళు గుడ్లు పెట్టే గలాథియా బే అభయారణ్యాన్ని 2021 జనవరిలో రద్దు చేశారు. అదే ఏడాది కేంద్రమే విడుదల చేసిన సముద్ర తాబేళ్ళ కార్యాచరణ ప్రణాళిక ఆ తీరాన్ని ముఖ్య స్థావరాలలో ఒకటిగా పేర్కొనడం మన పాలనలోని వైచిత్రి. నికోబారీల గిరిజన మండలి తాను ఇచ్చిన సమ్మతిని 2022 నవంబరులో వెనక్కి తీసుకుంది. 2011లో 229 మందిగా లెక్కతేలిన షోంపెన్‌ల అభిప్రాయం ఏ కాగితం మీదా నమోదయ్యే వీలు లేదు. మలక్కా జలసంధి ముఖద్వారాన దేశ భద్రత అవసరాలు నిజమైనవే. కానీ నౌకాదళ అవసరానికీ, లక్షల జనాభాతో కట్టే పట్టణానికీ మధ్య ఉన్న దూరాన్ని భద్రత అనే ఒక్క మాటతో పూడ్చలేరు.

ఈ దీవులకు సైకిలు పర్యాటకుల ఆటవస్తువు కాదు. 2018లో ప్రపంచ జూనియర్ ట్రాక్ పోటీలలో రజతం గెలిచి దేశానికి చరిత్ర సృష్టించిన ఈసో అల్బన్ నికోబార్ బిడ్డ. తొమ్మిదేళ్ళ వయసులో సునామీని తప్పించుకుని దేశపు మేటి స్ప్రింటర్‌గా ఎదిగిన డెబోరా హెరాల్డ్ కూడా ఆ దీవుల అమ్మాయే. ఆ పిల్లలకు కావలసింది తొక్కడానికి దారి, చదవడానికి బడి, తమ నేల గురించి తమను అడిగే ప్రభుత్వం.

చేయవలసిన పనులు అర్థం కానివి కావు. బారాటాంగ్ పర్యాటకులను పూర్తిగా సముద్ర మార్గానికి మళ్ళించాలి. చిన్న దీవులలో వాహనాలకు పరిమితి విధించి సైకిలుకూ నడకకూ దారి వదలాలి. గ్రేట్ నికోబార్‌లో గిరిజన మండలి సమ్మతి లేకుండా అడుగు వేయరాదు. 2024 జూన్ నుంచి కేంద్రంలోని కూటమి తెలుగుదేశం మద్దతు మీద కూడా నిలబడి ఉంది. అప్పుడు పౌర విమానయాన శాఖ చేపట్టింది శ్రీకాకుళం ఎంపీయే, ఆ జిల్లా నుంచే అండమాన్‌కు అన్ని ఓడలు నిండాయి. ప్రాజెక్టులో విమానాశ్రయం కూడా ఉంది కనుక, ఈ విషయం తమ పరిధిలో లేదనే వెసులుబాటు తెలుగు నాయకత్వానికి లేదు. జిర్కాటాంగ్ వద్ద సైకిలు దిగే యాత్రికుడు ఒక నిబంధనను గౌరవిస్తున్నాడు. ఆ నిబంధన రాసినవారు కూడా దాన్ని గౌరవించాలని అడగడానికి పార్లమెంటులో ఒక్క తెలుగు గొంతు లేస్తుందా?