మొక్క వెనకున్న పెట్టుబడిని పట్టాలి

తమిళనాడులో గంజాయి సాగే లేదని అక్కడి ప్రభుత్వం, పోలీసులు కొన్నేళ్లుగా చెబుతున్నారు. పెద్ద ఎత్తున సాగు లేదన్న మేరకు ఆ మాటను కాదనలేం. అయితే కృష్ణగిరి జిల్లాలో అంచెట్టి, డెంకణికోట వైపు అడవిని ఆనుకున్న మెట్టపొలాల్లో రాగి, కంది సాళ్ల నడుమ గుట్టుగా పెంచిన మొక్కలు అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. కావేరి అవతల చామరాజనగర్ జిల్లా మొక్కజొన్న చేలదీ ఇదే కథ. ఈ కాస్త పంట హోసూరు పారిశ్రామికవాడల్లో అమ్ముడయ్యే పొట్లాలకు ఏ మూలకూ చాలదు. సాగు లేదంటున్న జిల్లాలో సరుకు మాత్రం దొరుకుతున్నప్పుడు, సున్నా సాగును విజయంగా చెప్పుకోవడం తగదు.

ఆ సరుకులో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరాన, ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో. ఇటు చింతపల్లి, జి.మాడుగుల, అటు మల్కన్‌గిరి, కోరాపుట్. వానలు మొదలవగానే నారు పోస్తారు. పూతకొచ్చే వేళకు పోతు మొక్కలను వెతికి వెతికి పీకేస్తారు. అవి ఉంటే ఆడ మొక్క గింజ కడుతుంది, ధర పడిపోతుంది. మిగిలిన కంకులను చలికాలంలో కోసి, ఆరబెట్టి, బాగా ఒత్తి, గోధుమరంగు టేపు చుట్టి పొట్లాలు కడతారు. ‘శీలావతి’ రకానికి గిరాకీ ఎక్కువ. ఇంత పనికీ విత్తనం, పెట్టుబడి ఇచ్చేది బయటి వ్యాపారులు. గిరిజన రైతు చేతికొచ్చేది కొద్ది సొమ్ము. చేతులు మారిన కొద్దీ ధర అనేక రెట్లు పెరిగి, లాభమంతా పట్నాల్లో తేలుతుంది.

2021 అక్టోబరు చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ మొదలుపెట్టారు. కోతకు ముందే కొండలెక్కి విశాఖ మన్యంలో దాదాపు 7,500 ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. 2024 చివర్లో ఆ రాష్ట్రంలో ఏర్పడిన మాదకద్రవ్యాల నిరోధక విభాగం ‘ఈగల్’ డ్రోన్లతో, ఉపగ్రహ చిత్రాలతో తోటలను వెతుకుతోంది. మన్యంలో సాగు బాగా తగ్గింది. అందుకు ఆ పోలీసులను మెచ్చుకోవలసిందే.

హోసూరులో పొట్లం మాత్రం మాయం కాలేదు. ఒడిశా కొండల్లో తోటలు మిగిలే ఉన్నాయి. అంతకుముందు కేరళలోని ఇడుక్కి, తమిళనాడులోని కంబం కొండల్లో దాడులు పెరిగినప్పుడూ జరిగింది ఇదే. అక్కడ సాగు సన్నగిల్లింది. కేరళ, తమిళనాడు వ్యాపారులు మన్యం దాకా వచ్చి కొత్త పొలాలు చూసుకున్నారు.

గంజాయి కొండజాతుల అలవాటు పంట అని తేలిగ్గా అనేసేవాళ్లున్నారు. చరిత్ర అలా చెప్పదు. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన గంజాయి విచారణ సంఘం మద్రాసు రాజధానిలో గుర్తించిన ముఖ్యమైన సాగు ప్రాంతాల్లో ఒకటి బాపట్ల తాలూకాలోని సంతరావూరు, దగ్గుబాడు చుట్టుపక్కల ఊళ్లు. అది కొండ కాదు, కోస్తా మైదానం. మరొకటి కృష్ణగిరికి తూర్పున ఉన్న జవ్వాది కొండలు. ఆ పంట మీద సర్కారే సుంకం వసూలు చేసుకుంది. 1985 మాదకద్రవ్యాల చట్టంతో అంతా నేరమైంది. డబ్బు పెట్టేవాడు చోటు మార్చినప్పుడల్లా పంటా చోటు మార్చింది. ఇవాళ శిక్ష మాత్రం పొలంలో ఉన్నవాడికే ముందు పడుతోంది.

కృష్ణగిరి జిల్లాకు ఈ బెడద దారుల వల్ల వచ్చింది. బెంగళూరు నుంచి 44వ జాతీయ రహదారి జూజువాడి దగ్గర తమిళనాట అడుగుపెట్టి హోసూరు, సూళగిరి మీదుగా కృష్ణగిరి చేరుతుంది. అక్కడ చెన్నై దారి విడిపోతుంది, కుప్పం దారి వచ్చి కలుస్తుంది. చేరువలోనే మూడు రాష్ట్రాల సరిహద్దులు. పట్టుబడేది బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కుర్రాడు, క్యాబిన్ కింద రహస్య అర ఉన్న లారీ తోలే డ్రైవరు. 1985 చట్టం కింద 20 కిలోలకు మించి దొరికితే పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్ల దాకా జైలు. అదే చట్టంలోని 27ఏ సెక్షన్ అక్రమ రవాణాకు డబ్బు పెట్టినవాడికీ అంతే శిక్ష చెబుతోంది. కుర్రాడికి సంచి ఎవరిచ్చారో, డబ్బు ఏ ఖాతాకు పోయిందో తేల్చకుండా ముగించిన కేసు సగం కేసే.

ఇది కానిపని కాదు. తమిళనాడులో 2021 డిసెంబరులో మొదలైన ‘గంజా వేట్టై’ (గంజాయి వేట) దాడుల తర్వాత, 2022లో మదురై కేంద్రంగా ఉన్న దక్షిణ మండల పోలీసులు వ్యాపారుల బ్యాంకు ఖాతాలను, ఆస్తులను స్తంభింపజేశారు. కృష్ణగిరిలోనూ ప్రతి పెద్ద కేసుకూ ఆ పద్ధతే రివాజు కావాలి. హోసూరు కేంద్రంగా తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర పోలీసులతో శాశ్వత ఉమ్మడి బృందం ఏర్పడాలి, అందులో ఒడిశా అధికారికీ చోటుండాలి. పట్టిన కిలోల లెక్కతో పాటు, పెట్టుబడిదారులు ఎందరి మీద 27ఏ పెట్టారో, ఎన్ని ఆస్తులు జప్తు చేశారో నెలనెలా ప్రకటించాలి. సాగు కనబడితే వెంటనే తెలియజేయాలని మాదకద్రవ్యాల చట్టమే గ్రామాధికారులకు బాధ్యత పెట్టింది. అంచెట్టి వైపు దాన్ని గట్టిగా అమలు చేయాలి. వలస కార్మికుడు కనబడగానే సంచి విప్పించే అలవాటు మాత్రం మానాలి. పొట్టకూటికి వచ్చినవాళ్లందరినీ దొంగలుగా చూస్తే, సమాచారం చెప్పగలిగేవాళ్లే నోరు మూసుకుంటారు.

మన్యంలో తోట నరికిన చోట కాఫీ, మిరియం, పసుపు, రాజ్మా చేతికొచ్చేదాకా రైతుకు కూలి గిట్టేలా చూడటం ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వాల పని. కాఫీ, మిరియం కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో గిరిజనుడి ఇల్లు గడిచే దారి చూపకపోతే, పాత వ్యాపారి విత్తనం సంచితో మళ్లీ గుమ్మం తొక్కుతాడు. అయినా ఈ ఖర్చు తమది కాదని తమిళనాడు, కర్ణాటక తప్పుకోవడానికి వీల్లేదు. సరుకు అమ్ముడయ్యేది తమ పట్టణాల్లోనే గనుక, వచ్చే వానాకాలం నారుమళ్లు పడకముందే నాలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులు కూర్చుని ఇందుకు ఉమ్మడి నిధి ప్రకటించాలి.