పటాలం నుంచి తిరిగొచ్చినవాళ్లు

యుద్ధం ముగించిన సుబ్రహ్మణ్యస్వామి కోపం చల్లార్చుకున్నది తిరుత్తణి కొండ మీదేనంటారు. యుద్ధాలు చూసొచ్చిన మన సిపాయిల కథలు మాత్రం తిరుత్తణి, తిరువళ్లూరు పల్లెల్లో ఇళ్లు దాటి బయటికి రాలేదు. ఈ సంచిక వాళ్లది.

మద్రాసు పదాతి దళాల మూలాలు 1758 నాటివి. దక్షిణాదివాళ్లు పోరుకు పనికిరారన్న అన్యాయపు నమ్మకంతో 1920లలో ఆంగ్ల ప్రభుత్వం మద్రాసు రెజిమెంటు పటాలాలను రద్దు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు కావలసి వచ్చేసరికి మళ్లీ పిలిచింది. తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ కుర్రాళ్లు ఒకే వరసలో నిలబడ్డారు. బర్మా సరిహద్దులో టాము రోడ్డు మీద, ఉఖ్రూల్ కొండల్లో పోరాడి, రెజిమెంటుకు యుద్ధ గౌరవాలు తెచ్చారు. రంగూన్ స్మారకం మీద, ఆ బర్మా పోరులో చనిపోయి సమాధి కూడా దక్కని దాదాపు 27,000 మంది పేర్లున్నాయి.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. రాష్ట్రం మారింది కానీ పటాలం మారలేదు! 1965 పాకిస్తాన్ యుద్ధంలో సియాల్‌కోట్ వైపు మహారాజ్‌కే దగ్గర ఆ రెజిమెంటు మరో యుద్ధ గౌరవం గెలిచింది. అప్పటి సర్వసేనాధిపతి, రాష్ట్రపతి రాధాకృష్ణన్ తిరుత్తణిలో పుట్టినవారే.

మీ ఇంటి ట్రంకుపెట్టెలో తాతగారి డిశ్చార్జి కాగితం, పతకం, ఒక ఉత్తరం ఉంటే వాటి నకలు పంపండి. అవ్వ చెప్పిన మాటలైతే ఆమె యాసలోనే రాయండి, మేం దిద్దం.