మోటారుకార్ల కంపెనీలును డీలర్లును

మోటారుకారు కొనువాడు కర్మాగారమును చూడడు. తన పట్టణములోని విక్రయశాలనే చూచును. ఆ శాలను కట్టించినవాడు, పనివాండ్రకు జీతములిచ్చువాడు, బ్యాంకులో ఋణము చేసి బండ్లను ముందుగా కొని నిలువయుంచువాడు స్థానికుడగు డీలరు. ద్వారముపైని పేరు మాత్రము కంపెనీది. వీరిరువురి సంబంధము నేడు మారుచున్నది. మా విద్యార్థులలో ననేకులు రేపు ఒడంబడికలపై చేవ్రాలు చేయువారే గనుక దీనిని గూర్చి వ్రాయుచున్నాము.

కంపెనీ బలము క్రొత్తది కాదు. 1920-21 సంవత్సరములలో అమెరికాలో బేరములు పడిపోయినప్పుడు హెన్రీ ఫోర్డుగారు డీలర్లు కోరని కార్లను వారికి పంపి రొక్కము రాబట్టిరి. కాదన్నవారికి డీలరుషిప్పు పోవు భయము. ఆయన యప్పు తీరెను. డీలర్లు తమ యూరి బ్యాంకులకు ఋణస్థులైరి. లాబాను నొద్ద యాకోబు పడిన పాట్లెరిగినవారికి ఇది వింతగా తోచదు. తుదకు 1956లో, సద్భావము విడిచి వర్తించిన కంపెనీపై డీలరు దావా వేయుటకు ఆ దేశమున చట్టమేర్పడెను. అయినను 2009లో దివాలా తీసిన క్రైస్లరు కంపెనీ 789 డీలరుషిప్పులను నెల తిరుగకముందే తొలగించెను.

మన దేశమున 2017 చివర జనరల్ మోటార్సువారు కార్ల విక్రయము మానిరి. 2021 సెప్టెంబరులో ఫోర్డువారు ఇచ్చటి తయారీని ముగింతుమని ప్రకటించిరి. డీలర్లకు ఇచ్చట ప్రత్యేక చట్టము లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. స్వేచ్ఛగా చేవ్రాలు చేసిరిగదా యని కొందరందురు. కంపెనీ వ్రాసిన పత్రములో ఒక్క పంక్తియైనను మార్చుకొనగల డీలరులు ఎందరు?

2021 అక్టోబరులో మెర్సిడెస్ బెంజ్ వారు మరియొక పద్ధతి తెచ్చిరి. బండి కంపెనీదే, బిల్లు కంపెనీదే, దేశమంతట ధర యొక్కటే. డీలరు బండిని చూపి, అప్పగించి, కమీషను పొందును. టెస్లావారు డీలర్లనే యుంచరు. 2025 జూలైలో ముంబయిలో తెరచిన శాలయు వారి స్వంతమే. ఈ మార్పును మేము నిందింపము. కొనువానికి బేరమాడు శ్రమ తప్పును (ఉపాధ్యాయులెవరును ఆ బండ్ల బేరమునకు పోరనుకొనుడు!). డీలరుకు నిలువసరకుపై వడ్డీ తప్పును. అయితే పాత యొడంబడికను నమ్మి, కంపెనీ కోరిన కొలతలకు నేలరాళ్లు పరచి, గాజుగోడలు నిలిపినవాని మాట యేమి? కమీషను ఎంతయో నిర్ణయించునదియు కంపెనీయే.

కావున తొలగింపునకు ముందు తగినంత గడువును, అమ్ముడుపోని బండ్లను విడిభాగములను కంపెనీయే తిరిగి కొనుటయు, కట్టడపు వ్యయములో పాలును చట్టముచే నిర్ణయింపబడవలెనని మా యభిప్రాయము. ఆ గడువు మెకానిక్కులకును వర్తింపవలెను. వారి పేర్లు ఏ యొడంబడికలోను కానరావు.