పిల్లవాడి చదువు ఎవరి పూచీ?

ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ పాఠశాలల్లో 2024 డిసెంబరు 7న ఒకేరోజు తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను ఎదురెదురుగా కూర్చోబెట్టారు. 2025 జూలై 10న మళ్ళీ అదే ఏర్పాటు జరిగింది. ముగ్గులు, ఆటలు, సహపంక్తి భోజనాలతో పండుగలా సాగిందనే చెప్పాలి. అలాంటి ఒక సమావేశంలో, మా ఊరి మునిసిపల్ పాఠశాలలో, నా చెవిన పడిన సంభాషణ ఇది.

"ఏమ్మా, మీవాడికి చదువు మీద ధ్యాసే లేదు. ఇంట్లో కూర్చోబెట్టి చదివించరా?" అన్నారు ఎనిమిదో తరగతి మాస్టారు.

"మాకేం తెలుసు సార్, మేం చదువుకోలేదు. మీ చేతుల్లో పెట్టాం. వినకపోతే నాలుగు తగిలించండి" అన్నది బురఖాలోని ఆ తల్లి.

పిల్లవాడు నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. ఇద్దరూ వాడి గురించే మాట్లాడారు, వాడితో ఎవరూ మాట్లాడలేదు.

వెనుకటి రోజుల్లో మన పెద్దలు పిల్లవాణ్ణి ఉస్తాద్‌కు అప్పగిస్తూ "గోష్త్ మీది, హడ్డీలు మావి" అనేవారు. ఆ మాటలో గురువు పట్ల గౌరవం ఉంది, కాదనలేము. కాని బాధ్యతను బడి గుమ్మం దగ్గరే దించేసి చేతులు దులుపుకోవడం కూడా అందులో ఉంది. పైగా ఇప్పుడు అది చెల్లదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది.

అదే చట్టం ఎవరి పని ఏమిటో కూడా చెప్పింది. పిల్లవాణ్ణి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి. వేళకు రావడం, పాఠ్యాంశాలు పూర్తి చేయడం, ప్రతి విద్యార్థికి ఎంత వచ్చిందో చూసి వెనుకబడినవారికి విడిగా చెప్పడం, తల్లిదండ్రులతో తరచు మాట్లాడటం ఉపాధ్యాయుడి విధి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. పిల్లవాడి మీద మాత్రం చట్టం ఏ విధినీ పెట్టలేదు. వాడికున్నది హక్కు. అయినా ఆ రోజు దోషిగా నిలబడింది వాడొక్కడే!

ఇక ప్రభుత్వం సంగతి. మైనారిటీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని 2022-23 నుంచి 9, 10 తరగతులకే పరిమితం చేశారు. ఎనిమిదో తరగతి వరకు చట్టం ఉచిత విద్య ఇస్తున్నది గదా అన్నది వారు చూపిన కారణం. ఆ మొత్తం చిన్నదే. కాని నోటు పుస్తకాలకు, చెప్పులకు పనికొచ్చేది. రాష్ట్రంలో 2020లో అమ్మఒడి, 2025లో తల్లికి వందనం పథకాలు తల్లుల ఖాతాల్లో డబ్బు వేశాయి. డబ్బు పిల్లవాణ్ణి బడి దాకా తెస్తుంది. పాఠం దాకా తేవలసింది మరొకరు. 2022 నాటి 'అసర్' గ్రామీణ సర్వేలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు దేశం మొత్తం మీద ఐదో వంతు మాత్రమే. అంటే ఇది ముస్లిం పిల్లల జబ్బు మాత్రమే కాదు.

మన పిల్లలకు అదనంగా భాష చిక్కు ఉంది. చాలా ఇళ్ళలో అమ్మీతో మాట ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకం ఇంగ్లీషు. దూదేకులవారి ఇళ్ళలో తెలుగే ఇంటి భాష కాబట్టి వారికి ఈ చిక్కు కొంత తక్కువ. డైరీలో మాస్టారు రాసిన నాలుగు ముక్కలు చదివి చెప్పేవారు ఇంట్లో లేకపోతే, తల్లికి శ్రద్ధ లేదని ఎలా అంటాం? అలాగని ఉర్దూ మీడియంలో వేద్దామంటే, అక్కడ రిజర్వుడు పోస్టులకు అభ్యర్థులు దొరక్క ఖాళీలు ఏళ్ళ తరబడి అలాగే మిగులుతున్నాయి. మాస్టారిని నిందించడమూ తేలికే. కాని గదినిండా పిల్లలుంటే ఒక్కొక్కరి దగ్గర ఎంతసేపు కూర్చోగలడు?

2006 నాటి సచార్ కమిటీ నివేదిక మరో సంగతి బయటపెట్టింది. 6-14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు బడి ముఖం చూడనివారు, లేదా మధ్యలో మానేసినవారు. చదివినా ఉద్యోగం రాదన్న నిరాశ అందుకొక కారణమని కూడా ఆ నివేదిక గుర్తించింది. 'చదివి ఏం చేస్తావు?' అన్న ప్రశ్న ఇంట్లో రోజూ వింటున్న పిల్లవాడికి ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుంది?

ఇస్లాం చరిత్రలో బద్ర్ యుద్ధం తర్వాతి ఘట్టం మనందరికీ తెలిసిందే. ధనం చెల్లించలేని ఖైదీలలో చదువు వచ్చినవారికి, మదీనా పిల్లలు పదిమందికి చదవడం, రాయడం నేర్పితే విడుదల. అక్కడ ఏ పిల్లవాడి తండ్రి ఎంత చదివాడని ఎవరూ అడగలేదు. ఏర్పాటు చేసింది సమాజం.

సమావేశం ముగిశాక ఆ పిల్లవాణ్ణి గేటు దగ్గర పలకరించాను. వాడికి పదమూడేళ్ళు. "తెలుగు కూడబలుక్కుని చదువుతాను, అందరూ నవ్వుతారు" అన్నాడు. సాయంత్రాలు, ఆదివారాలు బండ్ల షెడ్డులో పని. చప్పుడు విని ఇంజనులో లోపం ఎక్కడుందో చెప్పగలడట. మందబుద్ధి వాడికి లేదు. వెనక్కి వెళ్ళి మాస్టారికి చెబితే ఆయన నొచ్చుకున్నారు. "నాకెవరూ చెప్పలేదండీ. రోజూ బడి వదిలాక అరగంట ఉండమనండి, మూడు నెలల్లో చదివిస్తాను" అన్నారు.

బడి వదిలాక వాడు షెడ్డుకు వెళ్ళాలి. పద్నాలుగేళ్ళు నిండని పిల్లలను అలాంటి పనిలో పెట్టుకోవడాన్ని 2016 నాటి చట్టసవరణ నేరం చేసింది. ఆ షెడ్డు యజమాని జుమా నమాజుకు మా మసీదుకే వస్తారు. మొన్న శుక్రవారం సలాం చేసి, ఆ అరగంట సంగతి అడిగాను. "చూద్దాం భాయ్, ఇది సీజను" అన్నారు.